కొవ్వాడ కథ మలుపు తిరిగింది భావ్‌నగర్‌లో

కొవ్వాడ పేరు మళ్లీ వినబడుతోంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ‘శాంతి’ అనే కొత్త అణుశక్తి చట్టాన్ని ఆమోదించాక శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో అణు కేంద్రం సంగతి మరోసారి చర్చకు వచ్చింది. 1962 నాటి అణుశక్తి చట్టం, 2010 నాటి అణు నష్టపరిహార చట్టం రెండూ పోయి, వాటి స్థానంలో వచ్చిన చట్టం ఇది. ఇన్నాళ్లూ ప్రభుత్వ రంగానికే పరిమితమైన అణు విద్యుత్తులోకి ప్రైవేటు కంపెనీలూ రావచ్చు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు అన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. ఇప్పుడున్నది తొమ్మిది వేల మెగావాట్లకు లోపే. ఆ తేడా పూడాలంటే ఎక్కడో ఒకచోట పెద్ద రియాక్టర్లు రావాలి. ఆ ‘ఎక్కడో’ జాబితాలో కొవ్వాడ 2009 నుంచీ ఉంది.

భారత్–అమెరికా అణు ఒప్పందం, ఫుకుషిమా ప్రమాదం, బొగ్గు విద్యుత్ కేంద్రాలు వద్దన్నవాళ్లపై సోంపేట, కాకరాపల్లిలో జరిగిన కాల్పులు జిల్లాలో అందరికీ తెలిసినవే. వాటిని ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టను. కొవ్వాడ ఇవాళ ఎందుకిలా ఉందో తెలియాలంటే 2016 జూన్ దగ్గర ఆగాలి. ఆ నెల 7న వాషింగ్టన్‌లో మోదీ, ఒబామా కలిసి విడుదల చేసిన ప్రకటనలో అమెరికాకు చెందిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఇండియాలో ఏపీ1000 అనే రకం రియాక్టర్లు ఆరు కట్టేందుకు సన్నాహక పని మొదలవుతోందని ఉంది. 2017 జూన్ కల్లా కాంట్రాక్టు ఖరారు చేసే దిశగా నడుస్తామనీ ఉంది. అయితే ఆ ఆరు రియాక్టర్లు అంతకుముందు మనవి కావు. గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లా మిఠీ విర్ది అనే ఊరికి అనుకున్నవి.

మిఠీ విర్ది కూడా సముద్రం ఒడ్డు ఊరే. మామిడి తోటలు, పచ్చటి పొలాలు ఉన్న చోటు. అక్కడి జనం మొదటి నుంచీ ఒకే మాట మీద నిలబడ్డారు. 2013 మార్చిలో పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వేలమంది వచ్చి, తమ నిరసన తెలిపి లేచి వెళ్లిపోయారు. భూమి చేతికి రాలేదు. ఏళ్లు గడిచాయి. చివరికి భూసేకరణ ఆలస్యమవుతోందన్న కారణం చెప్పి ప్రాజెక్టును ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. ఆలస్యం అంటే ఇక్కడ అర్థం ఒక్కటే: ఊరు ఒప్పుకోలేదు.

పశ్చిమ బెంగాల్లోనూ ఇదే జరిగింది. హరిపూర్‌లో రష్యా రియాక్టర్లు అనుకుంటే 2011లో మమతా బెనర్జీ ప్రభుత్వం వద్దంది. వాటికి మరోచోటు వెతుకుతున్నప్పుడు నెల్లూరు జిల్లా కావలి పేరు బయటికొచ్చింది. వేరేచోట వద్దన్న ప్రతిదానికీ ఆంధ్రా తీరమే ఎందుకు గుర్తొస్తుందో ఢిల్లీవాళ్లే చెప్పాలి.

మరి 2016కు ముందు కొవ్వాడలో ఏముంది? కాగితం మీద వేరే కంపెనీ, వేరే రియాక్టరు ఉన్నాయి. 2009లో సూత్రప్రాయంగా అనుమతి వచ్చింది అమెరికాకే చెందిన జీఈ–హిటాచీ రియాక్టర్లకు. ఒక్కొక్కటి 1,594 మెగావాట్లు, మొత్తం ఆరు. 2010లో నష్టపరిహార చట్టం వచ్చింది. భోపాల్ కేసులో తీర్పు వచ్చి, నిందితులకు రెండేళ్ల శిక్షేనా అని దేశమంతా మండిపడుతున్న రోజులవి. ఆ వేడిలోనే చట్టంలో 17(బి) అనే నిబంధన చేరింది. ప్రమాదానికి లోపమున్న పరికరమో నాసిరకం సేవో కారణమైతే, బాధితులకు పరిహారం చెల్లించిన ప్లాంటు నిర్వాహకుడు ఆ సొమ్ము కోసం సరఫరా చేసిన కంపెనీ మీదికి వెళ్లవచ్చు. ఇలాంటి బాధ్యతను ఇతర దేశాల్లో సరఫరాదారు మీద పెట్టరని కంపెనీల వాదన. 2015లో జీఈ అధిపతి జెఫ్ ఇమ్మెల్ట్ ఢిల్లీ వచ్చినప్పుడు ఈ చట్టంతో తాము అణు వ్యాపారంలోకి దిగలేమని బాహాటంగానే చెప్పాడు.

దాంతో కొవ్వాడ ఖాళీ అయింది. అక్కడ గుజరాత్‌లో కంపెనీ ఉంది, చోటు దొరకడం లేదు. ఇక్కడ చోటు ఉంది, కంపెనీ వెళ్లిపోయింది. ఆ రెంటికీ ముడివేశారు. 1,594 మెగావాట్ల డిజైన్ పోయి 1,208 మెగావాట్ల డిజైన్ వచ్చింది. మొత్తం 7,248 మెగావాట్లు. కంపెనీ మారింది, యంత్రం మారింది, లెక్కలు మారాయి. మారనివి ఖాళీ చేయాల్సిన ఊళ్లు మాత్రమే: కొవ్వాడ, రామచంద్రపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి. (ఈ టెక్కలి రణస్థలం మండలంలోని పల్లె. అటువైపున్న పట్టణం కాదు.) రెండు వేల ఎకరాలకు పైగా భూమి కావాలన్నారు. పునరావాసానికి ఎచ్చెర్ల మండలం ధర్మవరం చూపించారు.

దీని వెనక ఒక సంగతి ఉంది. ఒక ఊరు ఒప్పుకోకపోతే ప్రాజెక్టు కదలదని భావ్‌నగర్‌లో రుజువైంది. మరి అదే ప్రాజెక్టు కొవ్వాడకు వచ్చినప్పుడు ఇక్కడి అభ్యంతరాన్ని ఎవరు లెక్కలోకి తీసుకున్నారు? ఇక్కడా ధర్నాలు జరిగాయి, రిలే దీక్షలు జరిగాయి. విశాఖలో ఉండే కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఈఏఎస్ శర్మ ఖర్చు గురించీ భద్రత గురించీ లేఖ మీద లేఖ రాశారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దీక్షా శిబిరానికి వచ్చి కూర్చున్న నాయకులు అధికారంలోకి రాగానే ప్యాకేజీ గురించి మాట్లాడారు. ‘వద్దు’ అన్న గొంతు మెల్లగా ‘ఎంత ఇస్తారు’ దగ్గరికి వచ్చింది. దీన్ని ఒప్పుకోవడం అని రాసుకున్నవాళ్లున్నారు. విసిగిపోవడం అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడి మత్స్యకారులకు ఈ గుజరాత్ సంబంధం మరో రకంగా తగులుతుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరం నుంచి ఏటా వందల మంది వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి వేటాడతారు. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్ జలాల్లో చిక్కి, కరాచీ జైల్లో ఏడాదికి పైగా ఉండి 2020 జనవరిలో ఇంటికొచ్చినవాళ్లు ఈ తీరం వాళ్లే. ఉన్న ఊళ్లో వేట గిట్టక వెళ్తున్నారు. పైడిభీమవరం ఫార్మా పరిశ్రమల వ్యర్థాలు సముద్రంలో కలుస్తున్నాయని, చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పొట్ట చేతపట్టుకుని మనవాళ్లు సౌరాష్ట్రకు వెళ్తుంటే, సౌరాష్ట్ర వద్దన్న రియాక్టర్లు మనకు వచ్చాయి.

వేటకు వెళ్లేవాడికి ధర్మవరం కాలనీలో ఇల్లు ఒక్కటే చాలదు. తెప్ప లాగడానికి ఒడ్డు కావాలి, వల ఆరబెట్టడానికి ఇసుక కావాలి, తెల్లారేసరికి గాలి ఎటు తోలుతోందో గుమ్మంలోంచి కనబడాలి. మత్స్యకారుడికి భూమి పట్టా ఉండదు. అతని పొలం సముద్రం, దానికి సర్వే నంబరు లేదు. భూమి ఉన్న రైతుకు ఎకరానికి ఇంత అని లెక్క కట్టొచ్చు. ఇతని నష్టం ఏ ఫారంలోనూ పట్టదు.

2016 ప్రకటన తర్వాత ఏడాదైనా తిరక్కుండానే అసలు దెబ్బ పడింది. 2017 మార్చి 29న వెస్టింగ్‌హౌస్ అమెరికా కోర్టులో దివాలా పిటిషన్ వేసింది. సౌత్ కరొలైనాలో అదే ఏపీ1000 రియాక్టర్లు రెండింటిని సగంలో వదిలేశారు. జార్జియాలో వోగ్టల్ దగ్గర కడుతున్న రెండూ పూర్తయ్యాయి కానీ 2023లో ఒకటి, 2024లో ఒకటి. అనుకున్నదానికంటే ఏడేళ్లు ఆలస్యం. 1,400 కోట్ల డాలర్లు అనుకున్న ఖర్చు 3,000 కోట్లు దాటింది. చైనాలో ఇదే రకం నాలుగు నడుస్తున్నాయన్నదీ నిజమే. అవీ ఆలస్యంగానే మొదలయ్యాయి.

కంపెనీ చేతులు మారి మళ్లీ నిలదొక్కుకుంది. 2019లో ఆరు రియాక్టర్ల మాట మరో ఉమ్మడి ప్రకటనలో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మోదీ–ట్రంప్ ప్రకటనలోనూ, ఆరు అన్న అంకె లేకపోయినా, అమెరికా డిజైన్ రియాక్టర్ల మాట వచ్చింది. కొవ్వాడలో మాత్రం కాలం అక్కడే ఉండిపోయింది. ఊరు పోతుందని తెలిశాక సొంత డబ్బుతో ఎవడు స్లాబ్ వేస్తాడు? భూమి సేకరణలో ఉందంటే బ్యాంకు అప్పు పుట్టదు, కొనేవాడు రాడు. ఎలాగూ ఎత్తేసే ఊరికి రోడ్డెందుకన్నట్టే ఉంటుంది ఆఫీసుల తీరు. నోటిఫికేషన్ నాడు పదేళ్ల పిల్లాడు ఇప్పుడు పెళ్లీడుకొచ్చాడు. కటాఫ్ తేదీ నాటికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి ప్యాకేజీ లెక్కలో అతను విడి కుటుంబం కాదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అలా గడిచాయి ఈ ఏళ్లు.

ప్రభుత్వం వైపు మాటలో పస లేదని కాదు. ఎండ ఉన్నప్పుడే సోలార్, గాలి ఉన్నప్పుడే విండ్. రాత్రిపూట నిలకడగా ఇచ్చేది బొగ్గో, నీళ్లో, అణువో. 2070 నాటికి కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తెస్తామని దేశం మాట ఇచ్చింది కాబట్టి బొగ్గు తగ్గాలి. స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదే అయినా, వాడే కరెంటులో ఎక్కువ భాగం ఇంకా బొగ్గుదే. అణు విద్యుత్తు వాటా మూడు శాతం దగ్గరే ఏళ్లుగా తచ్చాడుతోంది. బొగ్గును అడ్డుకున్న ఉద్యమాల జిల్లాకు ఈ వాదన కొత్తేమీ కాదు. కానీ బొగ్గు వద్దంటే అణువుకు ఒప్పుకున్నట్టు కాదు. 2024లో రాష్ట్రం ప్రకటించిన క్లీన్ ఎనర్జీ విధానమే 1,60,000 మెగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. అందులో సోలార్, విండ్, పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీళ్లు పైకెక్కించి, కావాల్సినప్పుడు దించి కరెంటు తీసే పద్ధతి) వీటిదే పెద్దపీట.

ఇప్పుడు కొత్త చట్టం దగ్గరికొస్తే, జీఈని వెనక్కి పంపిన 17(బి) అందులో లేదు. ప్రమాదం జరిగితే నిర్వాహకుడు ఇవ్వాల్సిన పరిహారానికి ప్లాంటు సామర్థ్యాన్ని బట్టి రూ. 100 కోట్ల నుంచి రూ. 3,000 కోట్ల దాకా పరిమితి పెట్టారు. పరికరం లోపం పేరుతో సరఫరాదారు మీదికి వెళ్లాలంటే ఆ మాట ముందే కాంట్రాక్టులో రాసుకుని ఉండాలి. చట్టం ఇచ్చిన హక్కు కాస్తా రెండు పక్షాల బేరంగా మారింది. కంపెనీలు పదిహేనేళ్లుగా అడిగింది ఇదే.

అంటే 2016లో రెండు అడ్డంకులుంటే ఒకటి గుజరాత్ ఊళ్లు, రెండోది చట్టం. మొదటిదాన్ని చోటు మార్చి తప్పించుకున్నారు, రెండోదాన్ని ఇప్పుడు తీసేశారు. ఇక మిగిలింది అణు విద్యుత్ కార్పొరేషన్‌కూ వెస్టింగ్‌హౌస్‌కూ మధ్య కుదరాల్సిన కాంట్రాక్టు. యూనిట్ కరెంటు ఎంత పడుతుంది, ఆలస్యమైతే ఆ ఖర్చు ఎవరిది, లోపం బయటపడితే ఎవరు కడతారు అన్నవి తేలేది అందులోనే. భూమి తీసుకునేముందు ఊళ్లో గ్రామసభ పెట్టారు, ప్యాకేజీ కాగితాలు చదివి వినిపించారు. సంతకాలు పడకముందే ఈ కాంట్రాక్టులోని బాధ్యత నిబంధనలను కూడా అదే గ్రామసభలో, తెలుగులో చదివి వినిపించమని రణస్థలం జనం ఇప్పుడు అడగాలి.