ఆ ఇంట్లో గొడవ మనకెందుకంత ఇష్టం?

తిరుపతి

చిన్నూకి, అమ్ములుకి అవ్వ ఆశీస్సులు.

రాత్రిపూట బిగ్ బాస్ వచ్చేటప్పుడు టీవీ ముందు నుంచి లేవమంటే లేవడం లేదని మీ నాన్న ఫోన్లో ఒకటే సణుగుడు. ఎవరో కొట్లాడుకుంటుంటే వీళ్ళకేం సంబరమని అడుగుతున్నాడు. సంబరం ఉంది. నాకూ ఉంది. అది ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలియాలని ఈ ఉత్తరం.

ఈ ఆట 1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’ పేరుతో పుట్టింది. 2006లో హిందీలో ‘బిగ్ బాస్’ అయింది. తెలుగులో 2017 జూలైలో జూనియర్ ఎన్టీఆర్ హోస్ట్‌గా మొదలైంది. ఏ దేశంలో ఆడినా పద్ధతి దాదాపు ఒకటే. కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి తలుపులు మూస్తారు. ఫోను ఉండదు, గడియారం ఉండదు, బయటి కబురు అందదు. ఎటు తిరిగినా కెమెరా. తిండి సరుకులు లెక్కగా ఇస్తారు. పైగా ఇంట్లోంచి ఎవరు పోవాలో వాళ్ళ చేతే, ఒక్కోసారి అందరి ముందే చెప్పిస్తారు. అలాంటి చోట ఎంత శాంతమైన మనిషైనా కాఫీ పొడి కోసం గొంతు లేపుతాడు. ఆ ఇంటిని కట్టిందే అందుకు.

మరి మనకు ఎందుకు నచ్చుతుంది? మనుషులు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో చూడటం ఎప్పటి నుంచో ఉన్న కోరిక. వీధిలో ఎవరైనా పోట్లాడుకుంటే నిలబడి చూడటం మర్యాద కాదు, తీర్పు చెప్పడం అసలే కాదు. టీవీ ముందు ఆ మొహమాటం లేదు. కూర్చున్న చోటి నుంచే తప్పెవరిదో తేల్చేస్తాం, ఓటు కూడా వేస్తాం. నేను గమనించింది ఇంకొకటుంది. మా వీధిలో ఆడవాళ్ళు పొద్దున పూలంగడి దగ్గర కలిస్తే ఈ షో గురించే మాట. నమ్మిన స్నేహితురాలు వెనక మాట్లాడితే ఏం చేయాలి, అందరూ ఒకవైపు ఉంటే ఒంటరిగా ఎలా నిలబడాలి అని గంటసేపు వాదించుకుంటారు. సొంత ఇంటి సంగతి బయట పెట్టకుండా, టీవీలో వాళ్ళ పేరు మీద తమ మనసులోది చెప్పుకుంటారు. ఇది చిన్న విషయమని నేను అనుకోను.

2004లో స్టీవెన్ రైస్, జేమ్స్ విల్ట్జ్ అనే ఇద్దరు అమెరికాలో ఇదే విషయం మీద పరిశోధన చేశారు. ఇలాంటి షోలు ఎక్కువగా చూసేవాళ్ళలో నలుగురిలో గుర్తింపు కావాలన్న కోరిక మిగతావాళ్ళ కంటే బలంగా కనిపించింది వాళ్ళకు. నాకది నిజమే అనిపిస్తుంది. 2023లో తెలుగు బిగ్ బాస్ ఏడో సీజన్ గెలిచింది ఒక రైతుబిడ్డ. మనలాంటివాడు అంత దూరం వెళ్ళాడంటే మనమే వెళ్ళినట్టుంటుంది.

ఇప్పుడు మన చిత్తూరు వైపు సంగతి చెప్తాను. ఇక్కడి పల్లెల్లో ఎండాకాలం భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రంతా నాటకం, రోజుల తరబడి. ఆఖరి రోజు దుర్యోధన వధ. భారతమిట్ట మీద దుర్యోధనుడి మట్టిబొమ్మను పడుకోబెట్టి ఉంటారు, ఊరంతా చుట్టూ నిలబడేంత పెద్దది. దుర్యోధనుడి వేషగాడు ఆ బొమ్మ చుట్టూ ఉరుకుతుంటే భీముడు గద పట్టుకుని వెంటపడతాడు. ఆడవాళ్ళు నోరారా శాపనార్థాలు పెడతారు. తొడ మీద దెబ్బ పడగానే ఒకటే కేక. ద్రౌపది ముందుకొచ్చి నెత్తురుగా పెట్టిన ఎర్రరంగు రాసుకుని జుట్టు ముడి వేసుకుంటుంది. అంత కోపంగా తిట్టినవాళ్ళే, ఆ వేషగాడు రంగు కడుక్కుని టీ అంగడికి వస్తే “పద్యం బాగా ఎత్తినావు నాయనా” అని పక్కన కూర్చోబెట్టుకుంటారు.

టీవీ ఇంట్లో ఉన్నవాళ్ళకు ఆ వీలు లేదు. వాళ్ళు సొంత పేరుతో, సొంత మొహంతో కూర్చుని ఉంటారు. మనం చూసేది మాత్రం ఇరవై నాలుగు గంటల్లోంచి కోసి అతికించిన గంట. ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు మొహం తిప్పుకున్నట్టు చూపిస్తారు. ఆ చూపు అప్పటిదే కానక్కర్లేదు, పొద్దున టిఫిన్ దగ్గరిదైనా కావచ్చు. దానికి తోడు టెన్షన్ పెట్టే మ్యూజిక్. ఆ గంట చూసి ఒకరిని దుర్యోధనుణ్ణి చేసేస్తాం. బయటికొచ్చాక కడుక్కోవడానికి ఆయన మొహానికి రంగు లేదు.

అదే ఏడో సీజన్ ఫైనల్ రాత్రి హైదరాబాదులో స్టూడియో బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. తెరమీద రోజూ కనిపించే మనిషి మన మనిషే అనిపించడం ఎంత బలమైనదో చూడండి. మనకు వాళ్ళు బాగా తెలిసినట్టుంటుంది, వాళ్ళకు మనం ఎవరమో తెలియదు. ఆ బస్సుల్లో ఉన్నవాళ్ళకూ, ఆ గెలుపు ఓటములకూ ఏం సంబంధం?

అమ్ములూ, పోయినసారి వచ్చినప్పుడు ఒకమ్మాయి నటిస్తోందని ఫోన్లో ఏదో రాశావు. నాకు చదివి వినిపించి నవ్వావు కూడా. ఆ అమ్మాయికి ఇంటి దగ్గర అమ్మ ఉంటుంది, ఆమె చేతిలోనూ ఫోను ఉంటుంది. నా ముందు ఎంతైనా తిట్టు తల్లీ, నేనూ నీతో కలుస్తాను. ఆ రాసింది మాత్రం తీసేయి.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. దసరా సెలవులకు రండి, ముగ్గురం కలిసి చూద్దాం. ఎక్కడ కోత పడిందో, ఏ మాట మధ్యలో ఆగిపోయిందో చిన్నూ చెప్పాలి. వాడి కళ్ళు నా కళ్ళకంటే చురుకు.

మీ
అవ్వ