1951లో మన దేశం: ఆటలు, ఓట్లు, కొన్ని అపోహలు

క్విజ్ ప్రశ్నలు, ఇయర్‌బుక్ పేజీలు సరిచూసేవాళ్లకు 1951 బాగా పని పెడుతుంది. గణతంత్రానికి అప్పుడు ఏడాది వయసు. ఆసియా క్రీడలు, తొలి సాధారణ ఎన్నికలు, భూదానం అన్నీ ఆ పన్నెండు నెలల్లోనే మొదలయ్యాయి. అందుకే పక్క ఏళ్ల సంగతులు వచ్చి ఇందులో కలిసిపోతుంటాయి.

అపోహ: తొలి ఆసియా క్రీడల్లో హాకీ స్వర్ణం మనదే.

అసలు ఆ క్రీడల్లో హాకీయే లేదు. అది ఆసియా క్రీడల్లోకి వచ్చింది 1958లో, టోక్యోలో. అక్కడా స్వర్ణం పాకిస్థాన్‌కు వెళ్లింది. 1948 లండన్ ఒలింపిక్స్ హాకీ స్వర్ణం జనం మనసులో బలంగా ఉండిపోవడం వల్ల ఈ పొరపాటు వస్తోంది.

1951 మార్చి 4 నుంచి 11 వరకు ఢిల్లీ నేషనల్ స్టేడియం కేంద్రంగా జరిగిన ఆ పోటీల్లో 11 దేశాల నుంచి 489 మంది ఆడారు. మనకు 15 స్వర్ణాలు, 16 రజతాలు, 20 కాంస్యాలు వచ్చాయి. 24 స్వర్ణాలతో జపాన్ మొదటి స్థానంలో నిలిచింది. మన 15 స్వర్ణాలను ఇలా లెక్క సరిచూసుకోవచ్చు: అథ్లెటిక్స్‌లో 10, డైవింగ్‌లో 2 (రెండూ కె.పి. ఠక్కర్‌వే), ఈతలో 1 (100 మీటర్ల ఫ్రీస్టైల్, సచిన్ నాగ్), వాటర్‌పోలో 1, ఫుట్‌బాల్ 1. అథ్లెటిక్స్ పదిలో 100, 200 మీటర్లు రెండూ లేవీ పింటో గెలిచినవే.

ఈ క్రీడలకు 1950 అని తేదీ వేసే పుస్తకాలున్నాయి. ముందు అనుకున్నది ఆ ఏడాదే, ఏర్పాట్లు ఆలస్యమై వాయిదా పడ్డాయి. జరిగిన ఏడాదినే రాయాలి.

అపోహ: బూట్లు లేవని మన ఫుట్‌బాల్ జట్టును 1950 ప్రపంచ కప్‌లో ఆడనివ్వలేదు.

బాగా పాతుకుపోయిన కథ ఇది. జట్టును ఎవరూ నిషేధించలేదు, మన సమాఖ్యే తప్పుకుంది. జట్టు ఎంపికపై విభేదాలు, సాధనకు సమయం చాలదనడం అప్పట్లో చెప్పిన కారణాలు. ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ వాళ్లకు అంత ముఖ్యమనిపించలేదు కూడా. మరుసటి ఏడాది ఢిల్లీలో ఇండోనేసియాపై 3-0, అఫ్గానిస్థాన్‌పై 3-0, ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో మనవాళ్లు స్వర్ణం గెలిచారు. ఫైనల్ గోల్ మేవాలాల్‌ది, కెప్టెన్ శైలేన్ మన్నా. కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. తెలుగు ఇయర్‌బుక్కుల్లో ఆ పేరు లేకపోతే తప్పకుండా చేర్చండి.

అపోహ: తొలి సాధారణ ఎన్నికలు 1952లో జరిగాయి, ఓటర్లు గుర్తుపై ముద్ర వేశారు.

సగం నిజం. ఎక్కువ చోట్ల పోలింగ్ 1952 జనవరిలో జరిగినా, తొలి ఓట్లు పడింది 1951 అక్టోబర్ 25న, హిమాచల్ కొండల్లో. మంచు పడి దారులు మూసుకుపోకముందే అక్కడ పూర్తి చేయాల్సి వచ్చింది. అందుకే ‘1951-52 ఎన్నికలు’ అని రాయడం సరైనది.

ముద్ర సంగతి పూర్తిగా తప్పు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దానిపై అతని గుర్తు. ఓటరు చాటుకు వెళ్లి, ఏ గుర్తూ పెట్టని కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేయాలి. ఓటు ఎవరికో తేల్చేది కాగితం కాదు, పెట్టె. ముద్ర పద్ధతి లోక్‌సభ సాధారణ ఎన్నికల్లోకి వచ్చింది 1962లో. ఓటర్ల వేలికి పూసే మైసూరు కంపెనీ సిరా కూడా అప్పటిదే. చెరగని సిరా మాత్రం తొలి ఎన్నికల నుంచే ఉంది.

ఓటర్లు 17 కోట్లకు పైనే. అయినా తమ పేరు చెప్పకుండా ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని నమోదు చేయించుకున్న దాదాపు 28 లక్షల మంది మహిళలు జాబితాకెక్కలేదు.

లెక్కల్లో జారిపడే చోటు మరొకటి ఉంది. 489 లోక్‌సభ స్థానాలంటే 489 నియోజకవర్గాలు కావు, 401 మాత్రమే. 314 ఏకసభ్య, 86 ద్విసభ్య, ఒకటి త్రిసభ్య. ద్విసభ్య నియోజకవర్గంలో ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. కాబట్టి పడిన ఓట్లను ఓటర్ల సంఖ్యతో భాగించి పోలింగ్ శాతం కడితే తప్పొస్తుంది. నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో రావి నారాయణరెడ్డి గెలిచిన నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమే. నెహ్రూ పోటీ చేసిన స్థానమూ అంతే. (క్రీడాకారులూ 489, సీట్లూ 489. ఇది కాకతాళీయమే, ప్రశ్నలో మాత్రం ఏది అడుగుతున్నారో స్పష్టంగా రాయాలి.)

అపోహ: భూదానం ముందే వేసుకున్న పథకం.

శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని వినోబా భావే తెలంగాణ పల్లెల్లో నడుస్తూ 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆగారు. దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఉద్యమం ఆ తర్వాత అల్లుకుంది.

అపోహ: టెస్ట్ క్రికెట్‌లో మన తొలి గెలుపు 1951లో.

ఇంగ్లండ్‌తో ఆ సిరీస్ 1951 నవంబర్‌లో ఢిల్లీలో మొదలైంది. గెలుపు మాత్రం 1952 ఫిబ్రవరిలో, మద్రాసు చేపాక్‌లో, ఇన్నింగ్స్ 8 పరుగుల తేడాతో. వినూ మన్కడ్ 12 వికెట్లు తీశాడు. సీజన్ పేరు 1951-52, మ్యాచ్ తేదీ 1952.