‘అధ్యక్షుడి విధానాలు సరైనవేనా?’: సర్వే లెక్కల మీద అపోహలు - వాస్తవాలు

అమెరికా అధ్యక్షుడు అక్కడ ఒక సంతకం పెడితే విశాఖలో రెండు చోట్ల వెంటనే సెగ తగులుతుంది. ఒకటి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, రెండోది పిల్లల్ని అమెరికా పంపిన ఇళ్ళు. 2025 ఆగస్టులో మన సరుకు మీద కొత్తగా వేసిన సుంకాలు 50 శాతానికి చేరాయి. సెప్టెంబరులో అమెరికాలో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకిచ్చే హెచ్-1బి వీసా కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా ‘ఇంత శాతం మంది తప్పంటున్నారు’, ‘ఇంత శాతం మంది సరైనదే అంటున్నారు’ అంటూ ఫోన్లలో లెక్కలు తిరుగుతాయి. సర్వేలు చేయడమే మా పని. ఆ లెక్కల మీద జనంలో ఉన్న అపోహలు ఇవి.

అపోహ: ప్రశ్న ఎలా అడిగినా జవాబు ఒకటే.

అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. పై శీర్షికనే చూడండి. ‘సరైనవేనా?’ అన్నప్పుడు ఆ ‘ఏ’కారంలోనే అనుమానం దాగి ఉంది. వినేవాడికి ‘కావేమో’ అనిపిస్తుంది. ‘సరైనవే కదా?’ అంటే మొహమాటానికి అవుననేస్తారు. ‘సరైనవా, కావా?’ అని రెండు వైపులా సమానంగా అడగాలి. సగం ఫారాల్లో ‘సరైనవా, తప్పా’ అనీ, మిగతా సగంలో ‘తప్పా, సరైనవా’ అనీ వరస మార్చాలి. చాలామంది చివర విన్న మాటనే పట్టుకుంటారు.

‘అధ్యక్షుడు’ అన్న మాటతోనూ చిక్కే. ఏ దేశమో చెప్పకపోతే కొందరు పార్టీ అధ్యక్షుడనుకుంటారు, ఇంకొందరు కాలనీ సంఘం అధ్యక్షుడనుకుంటారు. ‘ప్రెసిడెంట్’ అంటే మన రాష్ట్రపతి గుర్తొస్తారు. మన రాష్ట్రపతి రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మీద నడుచుకుంటారు కాబట్టి, ఆయన లేదా ఆమె ‘విధానాల’ మీద సర్వే పెట్టడమే తప్పు. అందుకే పేరు, దేశం కలిపి చెప్పాలి. ‘సుంకం’ అంటే చదువుకున్నవాళ్ళకు తెలుస్తుంది. ప్లాంటులో రొయ్యల తల తీసే ఆమెకు ‘మన రొయ్యలు అమెరికాలో దిగినప్పుడు అక్కడి సర్కారు వేసే పన్ను’ అని విడమరచి చెప్పాలి. ఆ పన్ను అక్కడ సరుకు దింపుకునేవాడు కడతాడు, దాన్ని చూపి ఇక్కడ రేటు తగ్గించమంటాడు. ఈ వివరణ చెబితే అందరికీ ఒకేలా చెప్పాలి, లేదా ఎవరికీ చెప్పకూడదు. ఇంటికో రకంగా చెబితే ఆ ఫారాలు చెత్తబుట్టకే.

‘వీసా, సుంకాల విధానాలు సరైనవా?’ అని రెండూ కలిపి అడగడం మామూలుగా జరిగే పొరపాటు. ఒకటి ఒప్పుకుని రెండోది కాదనేవాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి?

మాటల బలం ఎంతో అమెరికాలోనే తేలింది. 2003 జనవరిలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ ఇరాక్ యుద్ధం మీద అడిగింది. సద్దాం హుస్సేన్ పాలన అంతానికి సైనిక చర్య అంటే 68 శాతం సరే అన్నారు. ‘వేలమంది మన సైనికులు చనిపోవచ్చు, గాయపడవచ్చు, అయినా సరేనా’ అని చేర్చేసరికి అది 43 శాతానికి దిగింది. అధ్యక్షుడు అతనే, విధానమూ అదే. రెండు అంకెలూ నిజమే.

అపోహ: అధ్యక్షుడికి మద్దతు పెరిగిందంటే విధానాలు సరైనవని జనం ఒప్పుకున్నట్టే.

అమెరికా సర్వే సంస్థ గ్యాలప్ 1930లలో మొదలుపెట్టిన ప్రశ్న విధానాల గురించి కాదు. అధ్యక్షుడు తన పని చేస్తున్న తీరు మీకు సమ్మతమా, కాదా అన్నదే ప్రశ్న. గల్ఫ్ యుద్ధం గెలిచిన ఊపులో 1991 మార్చికల్లా అప్పటి అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్‌కు 89 శాతం మద్దతు వచ్చింది. 1992 వేసవికి అది 29 శాతం. నవంబరు ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ 89లో ఆయన ఆర్థిక విధానం మీద తీర్పు లేదు. ఈ తేడా చూడకుండా విశ్లేషణలు రాసేవాళ్ళను చూస్తే మాకు చిరాకు.

అపోహ: నాలుగొందల మందిని అడిగి ఊరంతటి మాట ఎలా చెబుతారు?

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. కానీ అది ఒకే సెగ మీద ఉడికిన అన్నం సంగతి. విశాఖ అలాంటిది కాదు. మత్స్యకారుల జాలారిపేట వేరు, ఉద్యోగులుండే ఎం.వి.పి. కాలనీ వేరు, ఫ్యాక్టరీల గాజువాక వేరు. పులిహోరలా అడుగు దాకా కలిపితేనే పిడికెడు రుచితో గిన్నె సంగతి తెలుస్తుంది.

కలపడం ఇలా: 400 మంది కావాలంటే 40 పోలింగ్ బూత్‌లను చీటీ తీసి ఎంచుకుని, ఒక్కో బూత్‌లో 10 మందిని తీసుకోవాలి. బూత్ ఓటర్ల జాబితాలో 1,100 పేర్లుంటే 110కి ఒకరు. 1 నుంచి 110 లోపు ఒక అంకె చీటీలో తీయాలి. 37 వస్తే 37, 147, 257... ఇలా వెళ్ళాలి. ఆ మనిషి లేకపోతే పక్కింటాయన్ని కూర్చోబెట్టకూడదు. వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్ళాలి, అప్పుడూ దొరక్కపోతే ముందే తీసి ఉంచుకున్న అదనపు పేరు తీసుకోవాలి. పగలు పదకొండింటికి వెళితే పెద్దవాళ్ళు, గృహిణులే దొరుకుతారు. గాజువాకలో రాత్రి షిఫ్టు చేసినవాళ్ళు అప్పుడే పడుకుని ఉంటారు. జాలారిపేటలో వేట ఉన్నప్పుడు ఒక లెక్క, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఇంకో లెక్క. మధురవాడ అపార్టుమెంట్లలో అద్దెకున్న చాలామంది ఓటు సొంతూళ్ళో ఉంటుంది. వీసా సంగతి పట్టించుకునేవాళ్ళు అలా జాబితాలోంచే జారిపోతారు. ఆ బూత్‌లలో ఫ్లాట్ల జాబితా వేరుగా రాసుకోవాల్సిందే.

400 మందికి పొరపాటు హద్దు, అంటే మన అంకె అసలు అంకెకు ఎంత దూరం పోవచ్చో చెప్పే లెక్క, అటూ ఇటూ 4.9 శాతం, 1,000 మందికి 3.1. ఇవి పుస్తకం లెక్కలు. ఒకే బూత్‌లో పదిమంది అంటే వీధి మాట ఒకటే అయిపోతుంది కాబట్టి, నిజంగా హద్దు ఇంకా పెరుగుతుంది. 400 మందిని అడిగినా 267 మందిని విడివిడిగా అడిగినంత బలమే మిగిలితే హద్దు 6 శాతం. అలాంటప్పుడు 52-48ని ‘మెజారిటీ’ అని రాయడం అన్యాయం.

అపోహ: ఎక్కువమందిని అడిగితే సర్వే తప్పు కాదు.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు అక్కడి లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. పేర్లు ఎక్కువగా ఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీశారు, పైగా కోపంగా ఉన్నవాళ్ళే ఎక్కువగా తిప్పి పంపారు. ఇవాళ యూట్యూబ్ ఛానల్ పోల్ కూడా అంతే. లక్ష ఓట్లు పడినా, అవి ఆ ఛానల్ చూసేవాళ్ళ ఓట్లే.

అపోహ: ‘తెలీదు’ అన్నవాళ్ళను తీసేయొచ్చు.

ప్రశ్న అడిగితే ‘మాకేటి తెలుస్తాది బాబూ’ అని ఇంటావిడ అంటుంది. లోపల్నుంచి భర్త ‘తప్పేనని రాసేయండి’ అంటాడు. రాయాల్సింది ఆమె మాట, అంటే ‘చెప్పలేను’. 1978లో సిన్సినాటి విశ్వవిద్యాలయం వాళ్ళు అసలు లేనే లేని ‘1975 పబ్లిక్ అఫైర్స్ చట్టం’ మీద అభిప్రాయం అడిగితే మూడో వంతు మంది ఏదో ఒక అభిప్రాయం చెప్పారు. తెలీదనడానికి మనిషికి నామోషీ. అందుకే ‘దీని గురించి విన్నారా?’ అని ముందు అడిగి, విన్నవాళ్ళనే తరవాతి ప్రశ్నకు తీసుకెళ్ళాలి. ‘చెప్పలేను’ 30 శాతం ఉంటే దాన్నీ ప్రకటించాలి.

అపోహ: లెక్క సరిచేయడం అంటే లెక్క మార్చడం.

400లో 260 మంది మగవాళ్ళు, 140 మంది ఆడవాళ్ళు దొరికారనుకోండి. మగవాళ్ళలో 60 శాతం, ఆడవాళ్ళలో 40 శాతం ‘సరైనవే’ అన్నారు. నేరుగా కూడితే 53 శాతం. ఊళ్ళో ఇద్దరూ చెరిసగం కాబట్టి మగవాళ్ళ ఫారానికి 0.77, ఆడవాళ్ళ ఫారానికి 1.43 తూకం వేస్తే సరిగ్గా 50. మొదటి అంకె చూపించేవాడే లెక్క మార్చినవాడు.

అపోహ: మొత్తం సర్వే బాగుంటే గాజువాక శాతం కూడా నమ్మొచ్చు.

గాజువాక వాటా 60 ఫారాలైతే పొరపాటు హద్దు అటూ ఇటూ 12.7 శాతం. ‘గాజువాకలో 55 శాతం’ అంటే అది 42 కావచ్చు, 68 కూడా కావచ్చు. ఆ ప్రాంతం సంగతే కావాలంటే అక్కడ విడిగా 400 మందిని అడగాలి. ఖర్చూ అంతకంతా అవుతుంది, అందుకే ఎవరూ అడగరు.