నౌకాదళం నుంచి మైకు ముందుకు: క్రికెట్ వ్యాఖ్యానంపై అపోహలు - వాస్తవాలు

రేడియోలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పే నాకు తరచూ వినిపించే కొన్ని అభిప్రాయాలను, నేను ఎంతో గౌరవించే పాకిస్తాన్ క్రికెట్ వ్యాఖ్యాత జంషీద్ మార్కర్ జీవితం దృష్ట్యా ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: దేశం తరఫున ఆడినవారే వ్యాఖ్యానానికి అర్హులు.

వాస్తవం: 1922లో మన హైదరాబాదులో ఒక పార్సీ కుటుంబంలో పుట్టిన మార్కర్ టెస్టు క్రికెటర్ కారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నౌకాదళ అధికారిగా పనిచేసి, విభజన తర్వాత పాకిస్తాన్ పౌరుడైన ఆయన, 1954-55లో భారత జట్టు తొలిసారి ఆ దేశంలో పర్యటించినప్పుడు ఒమర్ ఖురేషీతో కలిసి ఇంగ్లీషులో చెప్పిన వ్యాఖ్యానం ఎందరినో రేడియోకు కట్టిపడేసింది. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ డ్రా అయ్యాయి, పరుగులు నత్తనడకన వచ్చాయి. అటువంటి ఆటను రోజంతా వినిపించి మెప్పించడం ఎంత కష్టమో ఈ పని చేసేవారికి తెలుసు. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ కూడా తర్వాత వ్యాఖ్యాత అయ్యారు గానీ, నా దృష్టిలో మార్కర్‌దే పైచేయి.

అపోహ: విషయం తెలిసినవారికి మాటలు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: బ్రిటిష్ నౌకాదళ మాజీ అధికారి, క్రీడా వ్యాఖ్యాత థామస్ వుడ్రూఫ్‌కు నౌకల గురించి తెలియనిది లేదు. అయినా 1937 మే 20 రాత్రి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని స్పిట్‌హెడ్‌లో దీపాలంకరణతో నిలిచిన నౌకలను వర్ణించాల్సి వచ్చినప్పుడు, నౌకలన్నీ వెలుగుతున్నాయన్న మాటనే పదేపదే చెప్పారు, దీపాలు ఆర్పగానే నౌకలే మాయమయ్యాయన్నారు, దాంతో కొద్ది నిమిషాలకే బీబీసీ ప్రసారాన్ని ఆపేసింది. బంతి ఏ ఎండ్ నుంచి వస్తోంది, ఫీల్డర్లు ఎక్కడున్నారు, బ్యాటర్ ఏం చేశాడు, స్కోరెంత అన్న వరుస తప్పకుండా చెప్పడం విడిగా అభ్యసించవలసిన విద్య. అప్పుడే రేడియో పెట్టిన శ్రోతకు మొదట కావలసింది స్కోరే గనుక, ఓవర్ ముగిసిన ప్రతిసారీ దాన్ని చెప్పి తీరాలి.

అపోహ: గంభీరమైన గొంతు ఉంటే చాలు.

వాస్తవం: గొంతు ఉపయోగపడుతుంది గానీ, చూపు చురుగ్గా లేకపోతే అది అక్కరకు రాదు.

అపోహ: వ్యాఖ్యాతకు మరో వృత్తి ఉండదు.

వాస్తవం: మార్కర్ 1965లో ఘనాకు పాకిస్తాన్ రాయబారిగా వెళ్లారు, ఆ తర్వాత మాస్కో, టోక్యో, వాషింగ్టన్ వంటి రాజధానుల్లో పనిచేసి, ఐక్యరాజ్యసమితిలో తన దేశానికి ప్రాతినిధ్యం వహించి, 2018లో 95 ఏళ్ల వయసులో కరాచీలో కన్నుమూశారు.