ఎలక్ట్రాన్ గోడకు తగలకుండా నడిచిన దారి

కణాలను వేగంగా పరుగెత్తించి ఢీకొట్టించే కొత్త యంత్రం (కొలైడర్) కోసం యూరప్ కణభౌతిక సంస్థ సెర్న్ తవ్వాలనుకుంటున్న 91 కిలోమీటర్ల సొరంగం ఖర్చు మీద మాటొచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వెంటే వస్తోంది: లేజర్‌తో కణాలకు వేగం పెంచే చిప్ యాక్సిలరేటర్లు వచ్చేశాయట కదా, ఇంత తవ్వకం దేనికి? అడిగేవాళ్లు చూపించేది ఎక్కువగా 2013 నాటి ఫలితాన్ని. అమెరికాలో స్లాక్ అనే యాక్సిలరేటర్ ప్రయోగశాల, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల బృందం సన్నటి గాడులున్న గాజు ముక్క మీద లేజర్ వేసి, మీటరుకు 250 మెగా ఎలక్ట్రాన్ వోల్టులకు (ఎలక్ట్రాన్ వోల్టు కణాల శక్తికి కొలత; మెగా అంటే పది లక్షలు, కిలో అంటే వెయ్యి) పైబడిన లెక్కన ఎలక్ట్రాన్లకు శక్తినిచ్చింది. నిజమే. కానీ ఆ ఎలక్ట్రాన్లు చిప్ దాకా వచ్చేసరికే ఒక మామూలు పెద్ద యంత్రంలో 60 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు పోగేసుకున్నాయి.

ఆ పెద్ద యంత్రం లేకుండా చిప్‌తోనే మొదలుపెట్టాలంటే చిక్కంతా నెమ్మదిగా వచ్చే ఎలక్ట్రాన్లతోనే. లేజర్ వాటిని ముందుకు తోస్తూనే పక్కకూ లాగుతుంది. చిప్‌లో వాటి దారి వెడల్పేమో 225 నానోమీటర్లు, తలవెంట్రుకలో కొన్ని వందల వంతు. కాస్త దూరం పోగానే గోడకు కొట్టుకుంటాయి. పెద్ద యంత్రాల్లో కణాలను దారి మధ్యలో ఉంచే అయస్కాంతాల బలం ఇక్కడ చాలదు.

నా లెక్కలో కథ తిరిగింది ఇక్కడే. 2018లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఊవె నీడర్‌మాయర్ బృందం 1950ల నాటి పాత ఉపాయాన్ని బయటికి తీసింది. ఎలక్ట్రాన్ల దారికి గోడలుగా ఉండే సిలికాన్ స్తంభాల వరసలో అక్కడక్కడా ఎడం మార్చితే లేజర్ తరంగానికీ ఎలక్ట్రాన్లకూ ఉన్న లయ మారుతుంది. ఒకచోట పక్కలకు చెదిరినవి తర్వాతి చోట మధ్యకు చేరతాయి. అలా చేరేటప్పుడు ముందువెనకలుగా కొంచెం విడిపోతాయి, ఆ తర్వాత అదీ సర్దుకుంటుంది. 2021లో జర్మనీలోనే ఎర్లాంగెన్‌లో పీటర్ హొమెల్‌హాఫ్ బృందం 77.7 మైక్రోమీటర్ల దూరం ఇలా నడిపి చూపించింది. శక్తి పెంచడం కాదు, నడపడమే.

శక్తి 2023లో వచ్చింది. ఎర్లాంగెన్ బృందమే అర మిల్లీమీటరు చిప్‌లో ఎలక్ట్రాన్ల శక్తిని 28.4 నుంచి 40.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పెంచింది. మీటరు లెక్కన చూస్తే 2013 దాంట్లో పదో వంతు! అయినా ఇదే పెద్ద అడుగు, ఎందుకంటే ఈసారి ఎలక్ట్రాన్లు దారిపొడవునా కలిసికట్టుగా శక్తి పుంజుకుంటూ వచ్చాయి.

కొలైడర్ వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంది. వాళ్లకు ఒక్కో గుంపులో వేల కోట్ల కణాలు కావాలి. ఇంత ఇరుకులో అన్ని ఎలక్ట్రాన్లను కుక్కితే ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. దీనికి చిప్ పక్షం దగ్గర ఇంకా జవాబు లేదు. ఎర్లాంగెన్ వాళ్లు మాట్లాడుతున్నది కూడా సొరంగం గురించి కాదు, ఎండోస్కోప్ కొసన యాక్సిలరేటర్ పెట్టి కణితి దగ్గరే రేడియేషన్ ఇవ్వడం గురించి. దానికైనా 40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు చాలవు, మెగా స్థాయి కావాలి.