పిల్లల కంటి పరీక్ష: గొడవంతా 1997 దగ్గరే ఉంది

చిన్నపిల్లలకు కంటి పరీక్ష ఏ వయసులో చేయించాలన్న వాదన మళ్లీ రేగింది. మూడేళ్లు నిండకముందే కెమెరా లాంటి పరికరంతో చూసేయాలని ఒక వర్గం అంటోంది. బడిలో చేరే నాలుగైదేళ్లప్పుడు చార్టుతో ఒకసారి సరిగ్గా చూస్తే చాలని ఇంకో వర్గం. అక్షరాల వరుసలతో చూపు కొలిచే పాత స్నెల్లెన్ చార్టు నుంచి కథంతా ఎత్తుకోనక్కర్లేదు. మలుపు 1997లో బ్రిటన్‌లో వచ్చింది.

ఒక కంటి చూపు సరిగ్గా ఎదగక బలహీనంగా ఉండిపోయే లేజీ ఐని ఎంత చిన్నప్పుడు పట్టుకుంటే అంత మంచిదని అప్పటిదాకా అందరూ నమ్మారు. పసితనంలో ఒక కన్ను మూసి ఉంచితే దాని చూపు దెబ్బతింటుందని 1960ల్లో పిల్లికూనల మీద హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు అందుకు దన్ను. 1997లో స్నోడన్, స్టూవర్ట్-బ్రౌన్ అనే పరిశోధకులు అప్పటిదాకా ఉన్న అధ్యయనాలన్నీ తిరగేసి ఒకటే అడిగారు: చికిత్స అందిన పిల్లల్ని అందని పిల్లలతో పోల్చిన సరైన ట్రయల్ ఉందా? లేదని తేలింది. కొత్త స్క్రీనింగ్‌లు మొదలుపెట్టవద్దన్నారు. ఆధారం లేకపోవడం వేరు, ఉపయోగం లేకపోవడం వేరంటూ కంటి రంగంలో చాలామంది మండిపడ్డారు. నిజమే. కానీ ఆ ప్రశ్న అడగకపోతే ట్రయల్ జరిగేదా అన్నది అనుమానమే.

దాని ఫలితాలు 2003లో వచ్చాయి. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలు 177 మంది. కొందరికి అద్దాలూ, బాగున్న కంటిని మూసే ప్యాచూ, కొందరికి అద్దాలే, మిగిలినవాళ్లకు ఏడాదిపాటు ఏమీ ఇవ్వలేదు. బలహీనమైన కంటి చూపు 6/9, 6/12 ఉన్నవాళ్లలో (మామూలు చూపు 6/6; కింది అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువ) చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 6/18 నుంచి 6/36 మధ్య ఉన్నవాళ్లకు మాత్రం స్పష్టంగా మేలు జరిగింది. చికిత్స ఏడాది ఆలస్యమైనవాళ్లు కూడా తర్వాత మిగతావాళ్లను అందుకున్నారు. నాలుగైదేళ్ల వర్గానికి బలం ఇక్కడే.

తొందరపడాలనేవాళ్లు 2002 నాటి మరో బ్రిటన్ అధ్యయనాన్ని చూపిస్తారు. ఎనిమిదో నెల నుంచి పలుమార్లు పరీక్షించిన పిల్లల్లో ఏడున్నరేళ్లకు లేజీ ఐ తక్కువగా కనిపించింది. అయితే వాళ్లను పదేపదే చూసింది ఆర్థాప్టిస్టులు (పిల్లల చూపు, మెల్ల పరీక్షించే నిపుణులు), ఒక్కసారి మెరిసి ఊరుకునే పరికరం కాదు. ఆ పరికరం పట్టేది పవర్, మెల్ల లాంటి ముప్పు సూచనల్నే. పిల్లాడికి ఎంతవరకు కనబడుతోందో అది కొలవదు. రెండేళ్ల పిల్లాడు చార్టు చదవలేడన్న తొందర వర్గం మాట ఒప్పుకోవాల్సిందే. అమెరికా నిపుణుల సంఘం కూడా 2017లో మూడు నుంచి అయిదేళ్ల మధ్య కనీసం ఒకసారి చూడమంది. మూడేళ్లలోపు వాళ్ల విషయంలో ఆధారాలు చాలవంది.

బడికి వెళ్తున్న కొన్నేళ్లకు మొదలయ్యే హ్రస్వదృష్టి (దూరంవి మసకగా కనబడటం) సంగతి వేరే. అయిదేళ్లకు చేసిన పరీక్షలో అది దొరకదు, ఆ వయసు వచ్చాక మళ్లీ చూడాల్సిందే.