కంప్యూటర్‌లో రంగుల లైట్లు: భయం దేనికి, జాగ్రత్త దేనికి

విజయవాడ నుంచి ఒక తల్లి అడిగారు. ఇంజనీరింగ్ చదివే కొడుకు గేమింగ్ కంప్యూటర్ కట్టించుకున్నాడట. అద్దం తలుపున్న కేబినెట్, లోపల ఫ్యాన్లకీ ర్యామ్‌కీ, బయట కీబోర్డుకీ మౌస్‌కీ రంగుల లైట్లు. ఏడో తరగతి చదివే చెల్లెలు అదే గదిలో పడుకుంటుంది. "కంప్యూటర్ ఆపేసినా ఆ లైట్లు తిరుగుతూనే ఉంటాయి. పిల్లల కళ్లకు ఏమన్నా అవుతుందా? రేడియేషన్ అంటున్నారు, నిజమేనా?" అని ఆవిడ ప్రశ్న. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఇప్పుడు లైట్లు లేని కేబినెట్ వెతుక్కోవాల్సిన పరిస్థితి కాబట్టి, ఈ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే అయ్యుండదు.

రేడియేషన్ సంగతి త్వరగా తేల్చేయవచ్చు. వెలుగు కూడా రేడియేషనే. కాని మనం భయపడే ఎక్స్ కిరణాలది వేరే స్థాయి, అవి ఒంట్లోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడదీస్తాయి. నీలం ఎల్‌ఈడీ నుంచి వచ్చే ఒక్కో ఫోటాన్‌కు, అంటే వెలుగు రేణువుకు, ఉండే శక్తి సుమారు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు, ఎరుపుకు సుమారు 2. నీటి అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే 12కు పైగా కావాలి. లైట్లు పెంచితే ఫోటాన్లు ఎక్కువవుతాయే తప్ప ఒక్కో ఫోటాన్ బలం రవ్వంత కూడా పెరగదు. ఇరవై ఏళ్ల కిందట కొందరు కేబినెట్లలో పెట్టుకున్న 'బ్లాక్‌లైట్' గొట్టాల నుంచి అతినీలలోహితం వచ్చేది. ఇప్పటి ఆర్‌జీబీ లైట్ల నుంచి వచ్చేవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడే.

ఇక నీలం వెలుగు రెటీనాను, అంటే కంటి వెనక తెరను, కాల్చేస్తుందన్న మాట. చాలినంత తీవ్రత ఉంటే అది నిజమే, సూర్యుణ్ణి తేరిపార చూస్తే జరిగేది అదే. కాని కేబినెట్ లోపలి ఒక్కో చిన్న ఎల్‌ఈడీ మూడు రంగులూ పూర్తిగా వెలిగినప్పుడు 5 వోల్టుల దగ్గర 60 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.3 వాట్లు తీసుకుంటుంది. అందులోనూ చాలా భాగం వేడిగా పోతుంది. మిగిలిన వెలుగు ప్లాస్టిక్ పొర దాటి గది నలుమూలలకూ చెదిరిపోతుంది. మధ్యాహ్నం డాబా మీద నిలబడితే 1,00,000 లక్స్ (వెలుగు కొలమానం) వెలుగు మీద పడుతుంది. ఈ లైట్లు గదంతా కలిపినా పదుల లక్స్ లెక్కే. కళ్లజోళ్ల దుకాణంలో నీలం వెలుగును ఆపే 'బ్లూ కట్' అద్దాలు అంటగట్టబోతే వద్దనండి. అటువంటి అద్దాల మీద జరిగిన 17 పరీక్షలను వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2023లో సమీక్షించింది. కంటి అలసట తగ్గించడంలో మామూలు అద్దాల కంటే ఇవి మెరుగని తేలలేదు.

అయితే పట్టించుకోవలసినవి రెండున్నాయి. లైటు ఎంత వేగంగా మిణుకుతోంది, ఏ వేళ వెలుగుతోంది. రెండూ కాలానికి సంబంధించినవే. మొదటిది నాకు అమితంగా నచ్చిన విషయం, కాస్త తీరిగ్గా చెబుతాను.

ఈ ఎల్‌ఈడీని మసకబరచాలంటే అందులోని చిప్ కరెంటు తగ్గించదు. పూర్తి కరెంటుతో వెలిగించి, ఆర్పి, మళ్లీ వెలిగిస్తుంది. పీడబ్ల్యూఎం అనే పద్ధతి ఇది. ప్రతి రంగుకూ 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. 64వ మెట్టు పెడితే పావు వంతు సేపు వెలుగు, ముప్పావు వంతు సేపు చీకటి. బాగా వాడుకలో ఉన్న ఒక రకం చిప్పుల్లో ఇది సెకనుకు సుమారు 400 సార్లు జరుగుతుంది. ఒక్కో ఆవృత్తం 2.5 మిల్లీ సెకన్లు, అందులో 0.6 వెలుగు, 1.9 చీకటి. కన్ను విడివిడిగా పట్టలేక సగటు తీసుకుని 'మసక' అనుకుంటుంది. నారింజ రంగు కూడా ఇలా వచ్చేదే: ఎరుపు నిండుగా, ఆకుపచ్చ అప్పుడప్పుడు. ఆ వెలుగులో నారింజ తరంగదైర్ఘ్యం నామమాత్రం. మన బడుల్లో విబ్జియార్ బట్టీ పట్టిస్తారు గాని, ఇంద్రధనుస్సులోని నారింజ వేరు, ఎల్‌ఈడీ కలిపిన నారింజ వేరు, కంటికి మాత్రం రెండూ ఒకటే అన్న అద్భుతాన్ని చెప్పరు. నాకది చాలా బాధ.

సెకనుకు 400 సార్లంటే కనబడదు కదా, ఇక బాధేమిటి? దీపావళి రాత్రిని గుర్తు తెచ్చుకోండి. కాకరపువ్వొత్తిని గుండ్రంగా తిప్పితే చీకట్లో వెలుగు చక్రం కనిపిస్తుంది. వేదాంతులు కొరివిని తిప్పి చూపే అలాతచక్రం అదే. ఆ ఒత్తి నిలకడగా కాకుండా సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతోందనుకుందాం. సెకనుకు రెండు చుట్లు తిప్పితే చక్రం స్థానంలో 50 చుక్కల దండ కనిపిస్తుంది. నెమ్మదిగా తిప్పితే చుక్కలు దగ్గరపడి అతుక్కుపోతాయి. జోరుగా తిప్పితే విడిపోతాయి. అంటే మిణుకు బయటపడటం మిణుకు వేగం ఒక్కదాని మీదే కాదు, చెయ్యి వేగం మీద కూడా ఆధారపడింది. వెలిగే సేపును తగ్గించి, చీకటి సేపును పెంచితే చుక్కలు మరింత పదునెక్కుతాయి. అసలు ఆర్పకపోతే చుక్కలే ఉండవు.

ఇప్పుడు ఒత్తిని కదలకుండా పట్టుకుని కన్ను తిప్పండి. రెటీనా మీద పడే గీత మారదు! వెలుగు కదిలినా, కన్ను కదిలినా రెటీనాకు ఒకటే లెక్క. పైగా కన్ను చెయ్యి కంటే ఎంతో చురుకైనది. మనం మేలుకుని ఉన్నంతసేపూ సెకనుకు సుమారు మూడుసార్లు ఒక చోటి నుంచి మరో చోటికి గెంతుతూ ఉంటుంది. ఈ గెంతులను సకాడ్లంటారు. మానిటర్ మీది నుంచి కీబోర్డు వైపు 10 డిగ్రీలు గెంతడానికి కంటికి పట్టేది సుమారు 45 మిల్లీ సెకన్లు. ఆ కాస్త సేపట్లో 400 హెర్ట్జ్, అంటే సెకనుకు 400 సార్లు మిణికే, లైటు 18 సార్లు ఆరి వెలుగుతుంది. 10 డిగ్రీల మీద 18 చుక్కలు, చుక్కకూ చుక్కకూ మధ్య అర డిగ్రీకి కొంచెం పైన. చెయ్యి చాచి చిటికెన వేలి గోరు చూస్తే అది దాదాపు ఒక డిగ్రీ వెడల్పు ఉంటుంది, అందులో సగమన్నమాట. 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ 60 సెంటీమీటర్ల దూరంలో దాదాపు అర డిగ్రీ ఉంటుంది. కాబట్టి 400 హెర్ట్జ్ దగ్గర చుక్కలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండి, గింజల దండలా బయటపడతాయి. అదే 3,000 హెర్ట్జ్ అయితే 135 చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి గీతలో కలిసిపోతాయి. లైటింగ్ మిణుకుల మీద 2015లో వచ్చిన, ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ వారి 1789 ప్రమాణం కూడా పూర్తిగా ఆరి వెలిగే లైట్లకు 1,250 హెర్ట్జ్ దాటితే ప్రమాదం తక్కువని, 3,000 దాటితే ప్రభావం ఉండదని గీత గీసింది.

పైన చెప్పిన నారింజ లైటును చీకటి గదిలో చూస్తూ చూపును చటుక్కున పక్కకు తిప్పి చూడండి. నిలకడైన ఎర్ర చార, దాని మీద విడివిడి పసుప్పచ్చ చుక్కలు. రంగు ఎలా కలిసిందో అంతా విడివడి కనిపిస్తుంది! ఇంతకంటే చవకైన ప్రయోగశాల దొరకదు.

గెంతే సమయంలో వచ్చే బొమ్మను మెదడు మామూలుగా అణిచేస్తుంది. చీకటి నేపథ్యంలో గట్టి చుక్కలు మాత్రం ఆ అణచివేతను దాటి వచ్చేస్తాయి. అందుకే చీకటి గదిలో అద్దం కేబినెట్ పక్కన ఆడేవాళ్లలో కొందరికి తలనొప్పి, చిరాకు. కనబడని మిణుకు కూడా పని చేస్తుందని 1989లోనే రుజువైంది. బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్, సహచరులు ఒక కార్యాలయంలోని ట్యూబ్‌లైట్ల చోకులను మార్చి చూశారు. సెకనుకు 100 సార్లు మిణికే పాత రకం కింద ఉన్నప్పటితో పోలిస్తే, వేలసార్లు మిణికే రకం కింద తలనొప్పులు, కంటి అలసట సగం కంటే తక్కువకు పడిపోయాయి. ఏ రోజు ఏ చోకు ఉందో ఉద్యోగులకు తెలియదు.

ఇదంతా వేగమైన మిణుకు. నెమ్మదైన మిణుకు వేరే సంగతి, అక్కడ నిజంగా భయపడాల్సిన వాళ్లున్నారు. సెకనుకు 3 నుంచి 30 సార్ల మధ్య వచ్చే మెరుపులు, ముఖ్యంగా 15 నుంచి 25 మధ్యవి, కొందరిలో మూర్ఛ తెప్పిస్తాయి. జనాభాలో దాదాపు 4,000 మందిలో ఒకరికి ఈ స్వభావం ఉంటుంది. బయటపడేది ఎక్కువగా బడి వయసులోనే. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు, నీలం సెకనుకు 12 సార్లు మారిన దృశ్యం చూసి దాదాపు 685 మంది ఆసుపత్రుల పాలయ్యారు. మూర్ఛ వచ్చిన పిల్లల్లో చాలామందికి అంతకుముందు ఆ జబ్బు ఉన్నట్టే తెలియదు. కేబినెట్ లైట్లు చూపులో కొంచెం జాగాయే ఆక్రమిస్తాయి, టీవీ అంత ప్రమాదం లేదు. కాని గోడ చుట్టూ ఎల్‌ఈడీ స్ట్రిప్ అంటించి, కంప్యూటర్‌తో కలిపి, టకటకా ఆరి వెలిగే 'స్ట్రోబ్' మోడ్ పెడితే గదంతా మెరుస్తుంది. ఆ మోడ్‌ను ఏ ఇంట్లోనూ వాడవద్దని నా గట్టి మాట. మెరుపు మధ్యలో తేడాగా అనిపిస్తే కళ్లు మూసుకోవడం చాలదు. కనురెప్ప ఎరుపును లోపలికి వదిలేస్తుంది, పైగా ఆ ఎరుపు చూపంతా పరుచుకుంటుంది. ఒక కంటిని అరచేత్తో పూర్తిగా కప్పి, ముఖం తిప్పేసుకోవాలి.

మన ఊళ్లలో ఇంకా మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. ఇనుముకూ మూర్ఛకూ సంబంధం లేదు. చాలా మూర్ఛలు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఘనత తాళాలకు పోతుంది. చెయ్యాల్సిందల్లా పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూడటం. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక చెల్లెలి నిద్ర. రెటీనాలో బొమ్మలు చూడటానికి కాక, పగలో రాత్రో మెదడుకు చెప్పడానికే ఉన్న కణాలు కొన్ని ఉన్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే వర్ణకం 480 నానోమీటర్ల దగ్గర, అంటే నీలంలో, చురుగ్గా ఉంటుంది. ఆ కణాలు తమంతట తామే వెలుగుకు స్పందిస్తాయని 2002లో తేలింది. నీలం ఎల్‌ఈడీ వెలువరించేది 465 నానోమీటర్ల చుట్టుపక్కల, దాదాపు గురిచూసి కొట్టినట్టే. లక్స్ మీటరు ఇక్కడ మోసం చేస్తుంది, ఎందుకంటే అది ఆకుపచ్చకు ప్రాధాన్యమిచ్చే పగటి చూపును అనుసరించి కొలుస్తుంది. మీటరు 1 లక్స్ చూపించే శుద్ధ నీలం, మెలనాప్సిన్ లెక్కలో సుమారు 10 లక్స్ పగటి వెలుగుకు సమానం. 625 నానోమీటర్ల ఎరుపు అదే లెక్కలో దాదాపు సున్నా. పడుకోబోయే ముందు 3 గంటలు ఈ మెలనాప్సిన్ లక్స్ 10 దాటకూడదని, నిద్రపోయే చోట 1 దాటకూడదని 2022లో ఈ రంగపు శాస్త్రవేత్తల బృందం ఒకటి సిఫారసు చేసింది. నీలంలో వెలిగే అద్దం కేబినెట్ పక్కనే కూర్చున్న అన్నయ్య ఆ 10ని సులువుగా దాటేస్తాడు. మంచం మీదున్న చెల్లెలికి దూరం కాపు. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే.

అయితే నిద్ర కోసం లైట్లను మసకబరిస్తే మిణుకు పదునెక్కుతుంది. ఒత్తి వెలిగే సేపు తగ్గిందిగా! రెండు బాధలనూ ఒకేసారి తప్పించే అమరిక ఒకటుంది: ఆకుపచ్చ 0, నీలం 0, ఎరుపు 255, కదలిక లేని 'స్టాటిక్' మోడ్. 255 దగ్గర చిప్ దాదాపు ఆర్పనే ఆర్పదు కాబట్టి చుక్కలుండవు. ఎరుపు కాబట్టి మెలనాప్సిన్‌కు కనబడదు. వెలుగు ఎక్కువనిపిస్తే బ్రైట్‌నెస్ తగ్గించకుండా కొన్ని ఫ్యాన్ల లైట్లు పూర్తిగా ఆపేయాలి, లేదా కేబినెట్‌ను గోడవైపు తిప్పాలి. కీబోర్డు అక్షరాలు కూడా నీలంలో కంటే ఎరుపులో స్పష్టంగా కనిపిస్తాయి. నీలం, ఎరుపు కంటిలో ఒకే చోట కేంద్రీకరణ కావు, దాదాపు ఒక డయాప్టర్ (కళ్లద్దాల పవర్ కొలమానం) తేడా ఉంటుంది. పైగా చూపు నడిమధ్యలో నీలాన్ని పట్టే కోన్లే, అంటే రంగులు పట్టే కణాలే, లేవు.

చెల్లెలు పడుకున్నాక ఎరుపు కూడా వద్దు, రెప్పల్లోంచి దిగేది అదే. కంప్యూటర్ ఆపినా లైట్లు వెలగడానికి కారణం, ఆపిన తర్వాత కూడా పవర్ సప్లై మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తూ ఉండటం. చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల పేజీలో, 'ఈఆర్‌పీ' అని ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేయమని అబ్బాయికి చెప్పండి, ఆపగానే కీబోర్డుతో సహా లైట్లు ఆరిపోతాయి. ఆ సెట్టింగ్ కనబడకపోతే గోడ దగ్గరి స్విచ్ ఆపడమే.